అమ్మీకి పని లేని చెరువుగట్టు

వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదీ ఏదైనా చెరువు ఒడ్డున గుడారాలలో రెండు రాత్రులు గడపాలన్న ఆలోచన మా ఇంట్లో మొదట పిల్లలది. మేము ఉండేది వరంగల్లులో. పాకాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయుల కాలం నాటి చెరువులన్నీ ఒక పూట ప్రయాణంలోపే ఉన్నాయి. అయినా రెండు రాత్రుల బసకు చోటు ఎంచుకోవడానికి మాకు ఇరవై రోజులు పట్టింది. ఆ ఇరవై రోజులూ అవసరమేనని ఈనాటికీ మా అభిప్రాయం. ఇలాంటి ప్రయాణం తలపెట్టే కుటుంబాలకు కొంత ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో ఆ వెతుకులాటను ఇక్కడ రాస్తున్నాము.

మొత్తం పదకొండు మందిమి. మేమిద్దరం, మా ముగ్గురు పిల్లలు. కరీంనగర్ నుంచి తమ్ముడు, మరదలు, వారి పది నెలల పసివాడు. హైదరాబాదు నుంచి ఆపా, ఇంజనీరింగ్ చదువుతున్న ఆమె కొడుకు. అందరికీ పెద్ద, డెబ్భై ఒక్క ఏళ్ళ అమ్మీ. బావగారికి సెలవు దొరకలేదు.

అబ్బా గత డిసెంబరులో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. అమ్మీ ఇద్దత్ గడువు, నాలుగు నెలల పది రోజులు, ఏప్రిల్ చివరి వారంలో పూర్తయింది. గడువు తీరి ఇంకా వారమైనా కాలేదు, ఇంట్లో చెరువు ప్రయాణం మాట నలుగుతోందని తెలిసి మా పెద్ద మామూ వచ్చారు. ఆయన మంచివారు, మా కష్టసుఖాలలో ముందుండే మనిషి. కానీ ఈ విషయంలో ఆయనకు కోపం వచ్చింది. "సంవత్సరం తిరగకుండా విహారయాత్రేమిటి? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు.

మేము జవాబు వెతుక్కుంటున్నాము. జవాబు అమ్మీయే ఇచ్చారు. "నాలుగు నెలల పది రోజులు అల్లాహ్ చెప్పాడు భాయీజాన్. కూర్చున్నాను. మిగిలిన నెలలు ఎవరు చెప్పారు?"

భర్తను కోల్పోయిన స్త్రీ వేచి ఉండవలసిన కాలాన్ని దివ్య ఖుర్ఆన్ 'అల్ బఖరా' సూరాలో స్పష్టంగా నిర్ణయించింది. ఏడాది లెక్క మన చుట్టుపక్కల ఆచారాల నుంచి వచ్చి మన ఇళ్ళలో స్థిరపడినది. పేరంటాలకు పిలవకపోవడం, రంగు చీర కడితే గుసగుసలాడడం, ఊరు దాటితే లెక్కలడగడం — ఇవన్నీ ఆ లెక్క వెంట వచ్చినవే. మా వీధి మసీదు ఇమాం సాహెబును కూడా మామూయే స్వయంగా వెళ్ళి అడిగి వచ్చారు. గడువు ముగిసిన తర్వాత ఆమె తన మర్యాదలో తాను స్వేచ్ఛగా ఉండవచ్చునని ఆయన చెప్పారట. ఆ సాయంత్రం మామూ కిలో మామిడిపళ్ళు పంపించారు. ఆయన అంగీకారం తెలిపే పద్ధతి అది.

ఎక్కడికి వెళ్ళాలన్నది అమ్మీ చెప్పలేదు. "నీళ్ళు కనబడే చోట కూర్చోవాలి" అని మాత్రం అన్నారు.

అబ్బా నీటిపారుదల శాఖలో లస్కరుగా పని చేశారు. ఈ తరం పిల్లలకు ఈ మాట అంతగా తెలియదు. చెరువు తూము తలుపులు ఎత్తడం, దించడం, కాలువల వెంట తిరుగుతూ గండ్లు పడకుండా చూడడం, వానాకాలపు రాత్రులలో కట్ట మీద కాపలా కాయడం లస్కరు విధులు. 'లష్కర్' అనే ఫార్సీ మాటకు సైన్యమని అర్థం. ఆ మాటే ఓడలెక్కి నావికులకూ, దండు వెంట నడిచి పనివారికీ పేరయింది. చివరకు మన తూముల దగ్గర కుదురుకుంది. ఆంగ్లేయుల దండులో గుడారాలు వేసేవారిని కూడా లస్కర్లనే పిలిచేవారని చెబితే మా నడిపివాడు, "అయితే దాదా ఉంటే మన టెంటు ఆయనే వేసేవారు" అన్నాడు. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

నర్సంపేట వైపు ఒక పెద్ద చెరువు దగ్గర అబ్బా ఇరవై ఎనిమిదేళ్ళు పని చేశారు. మేము తోబుట్టువులం ముగ్గురమూ పెరిగింది ఆ కట్ట దిగువనున్న రెండు గదుల క్వార్టరులోనే. కనుక వెళ్ళవలసిన చోటేదో వేరే చెప్పనక్కర లేదని ఇంట్లో అందరికీ అనిపించింది. పసివాడిని మినహాయిస్తే తొమ్మిది మందిదీ ఒకే మాట. అమ్మీ మాత్రం వద్దన్నారు. అబ్బా జ్ఞాపకాలు బాధిస్తాయేమోనని ఆపా కళ్ళు తుడుచుకుంది. అమ్మీ ఆమెను దగ్గరకు పిలిచి చెప్పిన మాటలు ఇవి:

"మీ అబ్బా జ్ఞాపకం ఎక్కడైనా ఉంటుంది బేటీ, ఆ చెరువు దగ్గరే ఉంటుందా? ఇరవై ఎనిమిదేళ్ళు దాని పక్కన ఉన్నాను. ఒక్కనాడైనా దాన్ని చూశానా? బిందె ముంచేటప్పుడు బిందెను చూశాను. బట్టలుతికేటప్పుడు బట్టలను చూశాను. తనిఖీకి ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే వాళ్ళకు వండేటప్పుడు పొయ్యిని చూశాను. మళ్ళీ అక్కడికి పోతే నా చేతులు ఊరుకోవు."

మా వెతుకులాటకు అసలు కొలబద్ద ఆ మాటలతోనే దొరికింది. అమ్మీకి చేయడానికి పనేమీ లేని చోటు కావాలి. వినడానికి తేలిక. ఆచరణలో ఇంతకంటే కఠినమైన షరతు లేదు. మన ఇళ్ళలో పొయ్యి వెలిగితే పెద్దావిడ లేచి నిలబడుతుంది. ఆపడం ఎవరి తరమూ కాదు. పసివాడు ఏడిస్తే ముందు ఆమె చేతులే చాస్తుంది. కుటుంబమంతా వేసవి విహారానికి వెళ్ళి, ఆడవాళ్ళు మూడు రాళ్ళ పొయ్యి ముందు పొగలో కూర్చుని, మగవాళ్ళు చెట్టు కింద నడుం వాల్చి, సాయంత్రం "ఎంత హాయిగా గడిచింది" అని చెప్పుకున్న ప్రయాణాలు మేము చాలా చూశాము. వంట సామగ్రి మీరే తెచ్చుకోవచ్చునని గొప్పగా ప్రకటించే చోట్లన్నిటినీ ఆ సాయంత్రమే పక్కన పెట్టాము.

ఇక చెరువుల సంగతి. మేనల్లుడు నాగార్జునసాగర్ అన్నాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారనీ, పూర్తి నీటిమట్టం 590 అడుగులనీ, రాతితో కట్టిన ఆనకట్టలలో ప్రపంచంలోనే పెద్దదనీ చదివిన వివరాలన్నీ ఏకరువు పెట్టాడు. చూసి తీరవలసిన కట్టడమే, సందేహం లేదు. అయితే గుడారం వేసుకుని నిద్రపోవడానికి మే నెలలో అది చోటు కాదు. చుట్టూ రాతి గుట్టలు. పగలంతా కాగిన రాయి రాత్రి ఆ వేడిని మనకే తిరిగి ఇస్తుంది. వేసవిలో నీరు దిగిపోయి ఒడ్డు నిటారుగా మిగులుతుంది. పిల్లలు అడుగు వేస్తే లోతెంతో అంతుబట్టదు. సోమశిల మాట కూడా వచ్చింది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు అక్కడ అందంగా విశాలంగా ఉంటాయి. ఆ నీటి కింద ఊళ్ళు మునిగి ఉన్నాయనీ, వేసవిలో మట్టం తగ్గినప్పుడు పాత గోడలు బయటపడతాయనీ విన్న అమ్మీ, అక్కడ తనకు నిద్ర రాదన్నారు. తమ్ముడి స్నేహితుడొకరు మంజీరా వైపు వెళ్ళమన్నారట. మంజీరా అభయారణ్యం మొసళ్ళకు పేరుపొందిన చోటని తెలియగానే పసివాడి తల్లి ఆ చర్చను ముగించింది.

పాకాల మాకు చాలా ఇష్టం. చుట్టూ అడవి, ఎంత ఎండైనా ఏదో ఒక మూల నీడ. కానీ అది మా పాత ఊళ్ళకు దగ్గర. "పాకాల వస్తే తెలిసినవాళ్ళంతా చూడ్డానికి వస్తారు. వచ్చినవాళ్ళకు చాయ్ పెట్టొద్దా?" అన్నారు అమ్మీ. కొలబద్ద ప్రకారం పాకాల కూడా పోయింది. రామప్ప ఆలయం 1213 నాటిది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి అక్కడికి జనం రాక ఎక్కువైంది. చెరువు మాత్రం ప్రశాంతంగానే ఉంటుంది. దానిని రెండో చోటుగా పెట్టుకుని, ములుగు జిల్లా లక్నవరాన్ని మొదటి చోటుగా తీసుకున్నాము. కొండల మధ్య ఒదిగిన నీళ్ళు, నడుమ ద్వీపాలు, వేలాడే వంతెన — పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి? సెలవు దినాల్లో అక్కడ రద్దీ ఉంటుంది కనుక సోమ, మంగళవారాలు ఎంచుకున్నాము. జుమా నమాజు ఎలాగూ మన మసీదులోనే చదువుకోవచ్చు.

లక్నవరం, రామప్పల దరిదాపుల్లో గుడారాలు అద్దెకిచ్చే ఐదు చోట్లకు ఫోన్లు చేశాము. వాటి పేర్లు ఇక్కడ అనవసరం. ఒకచోట అడిగిన దానికల్లా ఉందనే సమాధానం వచ్చింది.

"స్నానాల గది ఉందా?"

"ఉంది సార్."

"గుడారానికి ఎంత దూరం?"

"పక్కనే సార్."

"పక్కనే అంటే ఎన్ని అడుగులు?"

"టార్చిలైటు మేమే ఇస్తాం సార్."

ఇంకొక చోట మా శ్రీమతి మాట్లాడి, కుటుంబాలు వస్తాయా అని అడిగింది. "ఫ్యామిలీలు కూడా వస్తారు మేడమ్" అన్నారు. ఆ 'కూడా' దగ్గరే ఆమె ఫోను పెట్టేసింది. రాత్రిపూట మంట చుట్టూ పాటలు, పెద్ద పెద్ద స్పీకర్లు, వాటితో పాటు సీసాలు కొన్ని చోట్ల మామూలైపోయాయి. యువకులు సంతోషంగా గడపకూడదని మా ఉద్దేశం కాదు. పదిహేనేళ్ళ ఆడపిల్లతో, నిద్రపట్టని పెద్దావిడతో అక్కడ ఉండలేము, అంతే. పది తర్వాత పాటలు ఆపుతారా అని అడిగినప్పుడు వచ్చే మౌనాన్ని బట్టి ఆ చోటు ఎలాంటిదో చాలావరకు తెలిసిపోతుంది.

నీళ్ళ గురించి ఏమేమి అడగాలో నేర్పినది అమ్మీ. లస్కరు ఇల్లాలిగా అన్నేళ్ళు ఆమె నీళ్ళను చూడలేదన్నారు గానీ, నీళ్ళ నడవడి ఆమెకు తెలిసినంతగా మాలో ఎవరికీ తెలియదు. అబ్బాతో పని చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయనకు ఫోను చేయించి, స్పీకరు పెట్టమన్నారు.

"తమ్ముడూ, యాసంగికి నీళ్ళు విడిచిన తర్వాత లక్నవరంలో ఎంత మిగిలింది?"

"సగానికి తక్కువ లేదు వదినా. పిల్లలతో పోతున్నారా? కట్ట దిక్కు మాత్రం దిగనియ్యకుండ్రి."

కట్ట వైపు నీరు అన్నిటికంటే లోతు. తూము తెరిచి ఉంటే దాని దగ్గర నీటి లాగుడు పైకి కనబడదు. మత్తడి రాళ్ళ మీద పాచి ఉంటుంది. వాగు నీళ్ళు వచ్చి కలిసే ఎగువ వైపు లోతు నెమ్మదిగా పెరుగుతుంది, కానీ ఒండ్రు ఎక్కువ. కాలు మోకాలిదాకా దిగబడుతుంది. ఎగువ వైపే మొరం నేల ఉన్న ఒడ్డు చూసుకోవాలి. అడుగు పెడితే కరకరమనాలి, జారకూడదు. ఇవి ఆయన మాటల సారాంశం. అమ్మీ ఇంకొకటి చేర్చారు. నీరు వెనక్కి పోయి బయటపడిన శిఖం నేల చదునుగా, గుడారానికి అనువుగా కనిపిస్తుంది. ఆ నేల నెర్రెల్లో తేళ్ళుంటాయి. రాత్రి ఎగువన వాన పడితే తెల్లవారేసరికి ఆ నేల మీదికి మళ్ళీ నీళ్ళు వస్తాయి. గుడారం ఎప్పుడూ పాత నీటి గీతకు పైనే వేయాలి.

ఒక సంగతి పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. ఏటా వేసవిలో చెరువుల్లో మునిగిపోయిన పిల్లల వార్తలు పత్రికల్లో చదువుతూనే ఉంటాము. ఈత రాక కొందరు పోతే, ఈత వచ్చి కూడా గుంతల వల్ల కొందరు పోతారు. పొలాలకని, ఇటుక బట్టీలకని ఎండిన చెరువులో మట్టి తవ్వుకుపోతారు. తర్వాతి వానలకు నీళ్ళు నిండితే ఆ గుంత పైకి కనిపించదు. మోకాలి లోతు నీళ్ళలో నడుస్తున్న పిల్లవాడు ఒక్క అడుగులో తలమునకలవుతాడు. ఊరి చెరువైనా, పేరున్న సరస్సయినా, అక్కడి చేపలు పట్టేవారిని ఒక్కసారి అడిగితే ఎక్కడ గుంతలున్నాయో వేలు పెట్టి చూపిస్తారు. అడగడానికి రెండు నిమిషాలు చాలు. మా పిల్లలకు మేము పెట్టిన నియమం రెండే మాటలు: మోకాలు దాటరాదు, ఒడ్డున ఒక పెద్దమనిషి చేతిలో ఫోను లేకుండా నిలబడి ఉంటేనే నీళ్ళలో దిగాలి. రెండో నియమం పిల్లలకంటే పెద్దలకే కష్టమైంది.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలు రాకముందే, మే రెండో వారంలోనే వెళ్ళి రావాలనుకున్నాము. అయినా మేలో గుడారం ఉదయం తొమ్మిది దాటితే ఆవిరి పొయ్యే. పగటిపూట ఉండడానికి వేరే నీడ, పెద్ద చెట్లున్న తోట వంటిది తప్పనిసరి. అయితే ఆ నెలలో సాయంత్రాలు గాలిదుమారం లేచి ఉరుములు మెరుపులు రావడం మామూలు. పిడుగుల వేళ చెట్టు కింద ఉండడమంత ప్రమాదం లేదు. కాబట్టి నీడకు చెట్లు, వానకు పరుగెత్తి చేరుకోగల పక్కా కప్పు — రెండూ ఉండాలి. ఈ షరతుతో ఇంకో రెండు చోట్లు పోయాయి.

తేదీలను చంద్రుణ్ణి చూసి పెట్టుకున్నాము. జిల్‌ఖదా నెల పదమూడు, పద్నాలుగు రాత్రులు. నిండు వెన్నెల ఉంటే స్నానాల గదికి నడిచే దారి కనబడుతుంది, పాము ఉంటే పాము కనబడుతుంది. ఆ మూడు రోజుల ఉపవాసాలు అమ్మీకి ఏళ్ళ నాటి అలవాటు. చక్కెర వ్యాధి కారణంగా ఈసారి డాక్టరు వద్దన్నారు.

చోటు నిశ్చయించే ముందు ఒక ఆదివారం తెల్లవారుజామున మేము, తమ్ముడు వెళ్ళి చూసి వచ్చాము. ఫోటోలు నమ్మి డబ్బు పంపేవారికి మా సలహా ఇదే: కుటుంబంలో ఒక్కరైనా ముందుగా వెళ్ళి నేల మీద నడిచి రావాలి. మేము చూసినది చెరువు ఎగువ వైపు ఒక రైతు తన మామిడి తోటలో వేసిన నాలుగు గుడారాల చోటు. ప్రకటనలు లేవు, బోర్డు కూడా లేదు. ఆ పెద్దాయనే చెప్పి పంపారు. తోటకు, నీళ్ళకు నడుమ మొరం నేల. రైతు ఇల్లు నలభై అడుగుల దూరంలో, పక్కా శ్లాబు. ఇంట్లో ఫ్రిజ్ ఉంది, కనుక అమ్మీ ఇన్సులిన్‌కు చింత లేదు. ఫోను సిగ్నలు ఉంది. ఆసుపత్రికి ములుగు వెళ్ళవచ్చు. రోడ్డు మీద నుంచి నీటి ఒడ్డు కనబడదు. ఆ మాట మా పెద్దమ్మాయికి చాలా ముఖ్యం. చెరువులో దిగాలని దానికి ఎంతో కోరిక, ఎవరో చూస్తున్నారంటే మాత్రం ఒడ్డు దాటదు.

లోపం ఒక్కటే. మరుగుదొడ్డి పాత పద్ధతిది. మోకాళ్ళు వంగని మనిషికి రెండు రోజుల ప్రయాణంలో చెరువు, వెన్నెల, వంతెన అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. దీని గురించి బాహాటంగా మాట్లాడడానికి మన వాళ్ళు సిగ్గుపడతారు. అమ్మీ వయసు స్త్రీలు ఎన్నో ప్రయాణాలు మానుకోవడానికీ, ప్రయాణంలో నీళ్ళు తాగకుండా ఉండిపోవడానికీ కారణం ఇది. వాళ్ళు చెప్పరు, "నాకేం ఇష్టం లేదు, మీరు పోయి రండి" అంటారు. అంతటితో ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారు. తమ్ముడు హనుమకొండలో ప్లాస్టిక్ కమోడు కుర్చీ ఒకటి కొని, రైతుకు చూపించి, గదిలో సరిపోతుందో లేదో కొలతలు తీసుకుని వచ్చాడు. వుజూ కోసం ఒక ఎత్తైన స్టూలు, మూతి పొడవైన లోటా కూడా పెట్టుకున్నాము. చెరువు నీళ్ళతో వుజూ నిస్సందేహంగా చేసుకోవచ్చు. ఒడ్డున కూర్చుని లేవడమే ఆమెకు సాధ్యం కాదు.

ఆ ఒడ్డు చెరువుకు తూర్పు వైపు. మన ప్రాంతంలో ఖిబ్లా దాదాపు పడమరకు, కొద్దిగా ఉత్తరానికి మొగ్గి ఉంటుంది. అంటే నమాజుకు నిలబడితే ఎదురుగా నీళ్ళే. పడమటి గాలి కూడా నీళ్ళ మీదుగా వచ్చి కొంచెం చల్లబడుతుంది. ఖస్ర్ నమాజు వర్తిస్తుందా అని నడిపివాడు పెద్ద ధర్మసందేహం లేవదీశాడు. హనఫీ పండితులు చెప్పే ప్రయాణ దూరం 48 మైళ్ళు, సుమారు 77 కిలోమీటర్లు. మా ప్రయాణం ఆ గీతకు అటో ఇటో ఉంది. ఊరి పొలిమేర నుంచి లెక్క వేసుకోవాలని ఇమాం సాహెబు చెప్పగా, వాడూ మేనల్లుడూ కలిసి రెండు రోజులు ఫోనులో పటాలు కొలిచారు. కొలతలు పూర్తయ్యేసరికి అమ్మీ, "పూర్తిగా చదివితే ఏం పోయింది? అక్కడ నాకు పనేముంది?" అన్నారు.

భోజనం సంగతి రైతు భార్యతో మా శ్రీమతి మాట్లాడింది. అన్నం, పప్పు, కూరగాయలు ఆమె వండి పెడుతుంది. మాంసం ప్రసక్తి లేకుండా చేపలు సరిపోతాయనుకున్నాము. రవ్వలు, బొచ్చెలు ఉదయమే చేపలవాళ్ళ దగ్గర దొరుకుతాయి. జబహ్ గురించిన సందేహం వాటికి లేదు. చేపలు మాత్రం మేమూ, తమ్ముడూ, మేనల్లుడూ వండాలని ముందే కట్టుబడ్డాము. అందుకు ఒక చిన్న ఉపాయం చేశాము. పొయ్యిని రైతు ఇంటి వెనుక పెట్టించాము. పొయ్యి కంటికి కనబడితే అమ్మీ లేచి వస్తారు గదా. గుడారానికి రాత్రికి 1,200 రూపాయల చొప్పున మూడు గుడారాలు, భోజనాలు వేరే. రైతు బయానా అడగలేదు. మేమే వెయ్యి రూపాయలు చేతిలో పెట్టి వచ్చాము.

వెళ్ళాము. మొదటి సాయంత్రం గాలి లేచింది, రెండు చినుకులు పడ్డాయి, అందరమూ రైతు వరండాలోకి చేరాము. ఆయన తల్లి, అమ్మీ ఈడుదే, మా అమ్మీని మంచం మీద కూర్చోబెట్టి మగ్రిబ్ వేళకు చాప ఎక్కడ పరవాలో తానే చూపించింది. ఆ ఇద్దరికీ మాటలు ఎక్కడ కలిశాయో తెలియదు. రాత్రి పదకొండింటి దాకా తూముల గురించీ, కోడళ్ళ గురించీ మాట్లాడుకున్నారు.

రెండోనాడు పొద్దున ఫజ్ర్ తర్వాత అమ్మీకి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి నీళ్ళకు పది అడుగుల దూరంలో వేశాము. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. తస్బీహ్ కూడా గుడారంలోనే ఉండిపోయింది, తెచ్చివ్వనా అంటే వద్దన్నారు. కాసేపటికి పసివాడు ఏడ్చాడు. ఆమె మెడ తిప్పారు. మరదలు అంతకుముందే ఎత్తుకున్నది చూసి మళ్ళీ నీళ్ళ వైపు తిరిగారు. వెనుక నుంచి చేపలు మాడిన వాసన వచ్చింది, లేవలేదు. పెద్దమ్మాయి దుపట్టా నడుముకు బిగించి నీళ్ళలోకి దిగి మోకాలి లోతులో నిలబడి, "దాదీమా, నేల కరకరమంటోంది!" అని అరిచింది. "ఇంకో అడుగు వేయకు" అన్నారు, అది తప్ప ఆ పూట ఆమె ఎవరికీ ఏ పనీ చెప్పలేదు, చేయలేదు.

మూడోనాడు పన్నెండు గంటలకు ఖాళీ చేస్తామని రైతుతో చెప్పి ఉన్నాము. తొమ్మిదింటికే తమ్ముడు గుడారాలు విప్పడం మొదలుపెట్టాడు, పిల్లలు సంచులు సర్దుతున్నారు. కుర్చీ తీయడానికి మేము ఒడ్డుకు వెళ్ళాము.

"పన్నెండు కదా అన్నారు," అన్నారు అమ్మీ. "ఇంకా తొమ్మిదే."

కుర్చీని ఇంకో రెండడుగులు నీళ్ళ దగ్గరకు జరపమన్నారు. జరిపాము.